నూనె వద్దన్న దానియేలు

శుక్రవారం ఉదయం ఉపవాస ప్రార్థనకు మందిరం తాళం తీస్తుండగా ఫోన్ మోగింది. దానియేలు భార్య సులోచనమ్మ తమ్ముడు. "బావ పోయాడండి" అని పెట్టేశాడు. హిందీ మాట్లాడే మా ఊళ్లో, పర్సుడీహ్ బజారులో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేసిన మా దానియేలు ఇక లేడు. మూత్రపిండాలు పాడై మంచం పట్టినవాడే, ఊహించని కబురేమీ కాదు. అయినా తాళంచెవి తలుపుకే వదిలేసి మెట్ల మీద కూర్చున్నాను. చివరి రోజుల్లో అతడు నన్ను ఒక్కటే అడిగాడు. నేను ఇవ్వలేదు.

గమ్హరియా కార్ఖానాల నుంచి కూడా అతని దగ్గరకు కంప్యూటర్ పెట్టెలు మోసుకొచ్చేవారు. "ఆన్ అవుతోంది, తెర మీద బొమ్మ రావడం లేదు" అంటే మిగతా మెకానిక్‌లు మదర్‌బోర్డు పోయిందనేవారు. దానియేలు ముందు మానిటర్ తీగ ఊడదీసి గట్టిగా పెట్టేవాడు. తర్వాత వేరే మానిటర్ తగిలించేవాడు. అప్పటికీ రాకపోతే కరెంటు తీసేసి, లోపలి ర్యామ్ పలకను పిల్లల పెన్సిల్ రబ్బరుతో తుడిచి, ఒక్కో గాడిలో పెట్టి చూసేవాడు. ఒకసారికి ఒక్కటే మార్చేవాడు. "రెండూ ఒకేపాలి మారిత్తే తప్పు దేనిదో తెల్దన్నయ్యా. ఏ తప్పూ లేనిదాన్ని పారేత్తాం" అనేవాడు.

నోరు మాత్రం పదును. ఒక గుమాస్తాతో, "ఏటి సార్, తీగ ఒక కొస మానిటర్‌కి పెట్టారు, రెండోది పెట్టెకి కాక గోడకి పెట్టారా?" అన్నాడు. ఆ గుమాస్తా మళ్లీ రాలేదు.

పాటల చరణాలు తెర మీద చూపడానికి మా సంఘం ఒక కంప్యూటర్ కొంది. కుట్టుమిషనైనా హార్మోనియమైనా, ప్రార్థించి నూనెతో ప్రతిష్ఠించాకే మేము వాడతాం. ఆ రోజు సీసా సంఘ పెద్దనైన నా చేతిలో ఉంది. పెట్టె పైనున్న గాలి జాలీ మీద ధారాళంగా పోశాను. నెల తిరక్కుండా పాడైంది; ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది. దానియేలు విప్పి, ర్యామ్ గాడిలో దుమ్ముతో కలిసి జిగురులా పట్టిన నూనెను స్పిరిట్‌తో కడిగాడు. బొమ్మ వచ్చింది. ఆ సంతోషంలో నేను స్తుతి ప్రార్థన చేసి మళ్లీ నూనె పోశాను.

మళ్లీ ఆగిపోయింది. ఈసారి ఆదివారం ఆరాధనకు ముందు, అందరూ చూస్తుండగా అతడు జిడ్డు వేలు ఎత్తి చూపాడు. "అన్నయ్యా, ప్రార్థన సెయ్యండి, సెయ్యి పెట్టండి. నూనె మాత్రం వద్దు. దీన్ని సంపేత్తంది మీ నూనే."

వెనక బెంచీ నుంచి ఒక యువకుడు, "అరే చాచా, ఆయిల్ చేంజ్ హో గయా!" అన్నాడు, బండికి నూనె మార్చినట్టు. మందిరమంతా నవ్వింది. ఆ నవ్వు నాకు మంటలా తగిలింది. ప్రతిష్ఠ తైలాన్ని దూషించాడని పెద్దల కూటంలో నేనే మాట లేవనెత్తాను. సంఘం ముందు క్షమాపణ చెప్పేవరకు ప్రభువు బల్లలో రొట్టె తీసుకోకూడదన్న తీర్మానం నా చేత్తోనే రాశాను. ఎనిమిది నెలలు రొట్టె పళ్లెం అతని ముందు నుంచి ఆగకుండా వెళ్లింది. ఆ పళ్లెం పట్టింది నేనే.

మంచం పట్టాక కబురు పంపాడు. మా సంఘంలో రోగులకు రొట్టె పెద్దలే ఇంటికి తీసుకెళ్లి ఇస్తారు. నేనే వెళ్లాను.

"ఒక్క ముక్క పెట్టండన్నయ్యా" అన్నాడు.

"ముందు తప్పయిందని చెప్పు."

"నలుగురిలో నవ్వులపాలు సేసినందుకు తప్పే. నూనె వల్ల పాడవలేదని మాత్రం అనలేను. అబద్ధమాడిన నోటితో ఆ రొట్టె ఎలా తినీది?"

నేను లేచి వచ్చేశాను. పన్నెండో రోజున పోయాడు.

భూస్థాపన పాటల కోసం, ఆ ఆదివారం నుంచి మూలన పడున్న కంప్యూటర్ పెట్టబోతే తెర నల్లగానే ఉంది. జుగ్సలాయి నుంచి వచ్చిన మెకానిక్ పెట్టె విప్పి, "ఇస్ మే తేల్ కిస్ నే డాలా?" అని, నూనె పోసిందెవరని అడిగాడు. పెద్దలందరూ నావైపు చూశారు. నేనేనని చెప్పాను. పాటలు కంఠతా వచ్చినంతవరకే పాడి అతణ్ణి మట్టిలో పెట్టాం.

మొన్న ఆదివారం పళ్లెంతో సులోచనమ్మ ముందు ఆగాను. ఆమె చెయ్యి చాపలేదు. "ఆ రోజు రొట్టె తెచ్చారా అన్నయ్యగారూ, ఉత్త చేతులతో వచ్చారా?"

"తెచ్చానమ్మా. జేబులోనే ఉంది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పళ్లెం పక్కావిడకు ఇమ్మని చేత్తో చూపింది.

తమ్ముడూ దానియేలూ, ఆకలితో ఉండి కూడా అబద్ధం చెప్పి తిననన్న విశ్వాసిని మా సంఘం నీలోనే చూసింది. ప్రభువు తన బల్ల దగ్గర నిన్ను కూర్చోబెట్టుకున్నాడనడంలో నాకు రవ్వంత సందేహం లేదు. నీకు వందనం చేయడానికి చేతులు జోడిస్తున్నాను. ఆ రోజు రొట్టె తీయడానికి జేబులోకి పోని చేతులు ఇవే.