ముల్లు మావయ్య ఎర్ర కారు

గడియారాలు బాగుచేసే మావయ్యను వీధంతా ముల్లు మావయ్య అంటుంది. అందులోనూ చిన్న ముల్లు. ముప్పై ఏళ్ళు ఆయన తోలిన పాత వ్యాను ఎంత నెమ్మదంటే, సంతలో పచ్చిగా కొన్న అరటికాయలు ఇంటికి చేరేసరికి మాగిపోయేవి. అలాంటి మనిషి, వ్యాను కన్నుమూశాక, యాభై ఏడో ఏట ఎవరో కుర్రాళ్ళు మోజు తీరి వదిలేసిన ఎర్ర కారు కొనుక్కొచ్చాడు. పొట్టిది, నేలకు జానెడెత్తు. వెనక రెండు పొగగొట్టాలు. తాళం తిప్పితే పక్కింటి పిల్లి గోడెక్కేది.

అత్తయ్య అందులో ఒక్కసారి కూర్చుని, తలుపు పట్టుకుని మోకాళ్ళను తిట్టుకుంటూ పైకి లేచి, తీర్పు చెప్పేసింది.

"ఇది కారు కాదండీ, చెప్పు. కాలికి తొడుక్కోవాలి గానీ ఎక్కి కూర్చోకూడదు."

మావయ్య చెవికెక్కలేదు. కూరగాయలకు అదే, కొట్టుకు అదే, మందులకు అదే. సైకిలు పట్టని సందులో కూడా దాన్ని దూర్చేవాడు. మలుపు కనిపిస్తే చాలు, ఆయన మీసం దానంతటదే పైకి లేచేది. స్ప్రింగులు ఎంత గట్టివంటే, రోడ్డు మీద అగ్గిపుల్ల పడుంటే అది కాల్చిందో కాల్చనిదో నడుముకు తెలిసిపోయేది.

చిక్కల్లా గడియారాలతోనే. బాగుచేసి పట్టుకెళ్ళినవి రెండు, దారి కుదుపులకు మళ్ళీ మొరాయించాయి. దాంతో అత్తయ్య పందెం పెట్టింది. కొండమీది లైబ్రరీ గోడగడియారం, నూరేళ్ళది, మరమ్మతు అయిపోయి కొట్లో ఉంది. శనివారం పదింటికి అక్కడ చదువుకునే కొత్త గది తెరుస్తారు. ఆ గడియారం ఈ కారులో క్షేమంగా చేరి, పదింటికి పది కొట్టాలి. కొట్టిందా, కారు ఉంటుంది. లేదా, సాయంత్రానికల్లా అమ్మేసి మెత్తటి పెద్ద బండి తేవాలి. మావయ్య సరేనన్నాడు.

శనివారం పొద్దున్నే వెనక సీట్లు మడిచి, పరుపు వేసి, నాలుగు దిండ్లు సర్ది, అత్తయ్య శాలువా కప్పి గడియారాన్ని పడుకోబెట్టాడు. కన్నపిల్లలకు కూడా ఇంత సేవ చేయలేదని అత్తయ్య దెప్పింది. అయినా దారి పొడవునా వెనక్కి తిరిగి దానిమీద చెయ్యి వేసే కూర్చుంది. తొమ్మిదింబావుకు చేరారు. అద్దం మీద గీతైనా లేదు. మావయ్య దాన్ని గోడకు తగిలించి, దాని అద్దం తలుపు తెరిచి, సంచిలో చెయ్యి పెట్టాడు. వెతికాడు. సంచి బోర్లించి దులిపాడు.

గోడగడియారాన్ని కదిపేముందు లోలకం ఊడదీసి, గుడ్డలో చుట్టి విడిగా తేవాలి. ఆ పనిలో మొదటి పాఠం అది. మావయ్య ఊడదీశాడు, చుట్టాడు, దిండ్ల ధ్యాసలో పడి కొట్టు బల్లమీదే వదిలేశాడు.

కొట్టు తొమ్మిది కిలోమీటర్ల కింద, మధ్యలో పదిహేడు మలుపులు. తను వెళితే గడియారాన్ని మట్టానికి నిలిపేవాడు లేడు. వెళ్ళకపోతే ఊగేది లేదు. అత్తయ్య చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు, పందెం ఆమెదే. కానీ ఆమె ఒకసారి మొగుడి మొహం చూసింది.

"తాళాలు ఇటివ్వండి."

"నువ్వా? ఆ మోకాళ్ళతోనా?"

"కూర్చోడానికీ లేవడానికీ మధ్య అవి బాగానే ఉంటాయి."

పాత వ్యానును సగం రోజులు తోలింది ఆమేనని అప్పుడు గుర్తొచ్చింది మావయ్యకు. మట్టం సరిచేస్తూ, చేతి గడియారం చూసుకుంటూ ఉండిపోయాడు. పదికి ఆరు నిమిషాలుందనగా కొండకింద కారు గురక వినిపించింది. అత్తయ్య చెదిరిన జుట్టుతో, గుడ్డమూటతో లోపలికొచ్చింది.

"వేగమేం పోలేదు," అంది, అడక్కుండానే. "మలుపుల దగ్గర తగ్గలేదంతే."

మావయ్య లోలకం తగిలించి వేలితో చిన్నగా తోశాడు. పదింటికి గడియారం పది కొట్టింది. అత్తయ్య పెదాలు కదుపుతూ లెక్కపెట్టి, పదోది పడ్డాక గాని ఊపిరి వదల్లేదు.

కారు అమ్మలేదు. అయితే ఆదివారం మావయ్య తాళాల కోసం వెళితే మేకు ఖాళీగా ఉంది. తలుపు పైన పట్టుకుని లేవడానికి అత్తయ్య గట్టి గుడ్డపట్టీ ఒకటి కుట్టి కట్టేసింది. ఇప్పుడు ఆమె తోలుతుంది. మావయ్య ఒళ్ళో గడియారం, చొక్కాజేబులో లోలకం పెట్టుకుని పక్కన కూర్చుంటాడు. మలుపు రాగానే కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. మీసం మాత్రం లేస్తూనే ఉంటుంది.