కారుని చెంబులా తోమిన మా నాయనమ్మ

మా చిన్నప్పుడు... దసరా రోజు పొద్దున్నే పెరట్లోంచి గరగరమని చప్పుడు వినబడి నిద్ర లేచాను. నాయనమ్మ గంగాళం తోముతోంది కాబోలు అనుకున్నాను. కళ్ళు నులుముకుంటూ వెళ్ళి చూద్దును కదా... ఆవిడ తోముతున్నది గంగాళం కాదు, కారు!

కారు మాది కాదండోయ్. అనకాపల్లిలో ఒక బెల్లం షావుకారు గారిది. మా నాన్న దానికి డ్రైవరు. అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క కారు సగం రోజులు కదిలేదే కాదు. అయినా నాన్న రోజూ మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. నల్లటి కారు... నా జడ సరిగ్గా ఉందో లేదో దాని తలుపులోనే చూసుకునేదాన్ని. ఆయుధపూజకి కడుగుదామని ముందురోజే మా పెరట్లోకి తెచ్చి పెట్టాడు. పొద్దున్నే బంతిపూల కోసం బజారుకి వెళ్ళాడు.

నాయనమ్మకి అప్పటికే కళ్ళకి పొర కమ్మింది. అయినా ఊరుకుంటేనా! కొడుక్కి అన్నం పెట్టే బండి కదా, పండగ పూట తనే కడిగి పెడదామనుకుంది. పొయ్యిలో బూడిద, ఇంత చింతపండు, కొబ్బరి పీచు... ఇత్తడి చెంబుకి రోజూ ఏం చేస్తుందో కారుకీ అదే చేసింది. నేను వెళ్ళేసరికి డ్రైవరు వైపు తలుపు పూర్తయిపోయింది.

అంతలో నాన్న పూలతో వచ్చాడు.

"ఒరే బాబూ, సూడరా! తలుపు నిండా బెల్లం జిడ్డు పట్టీసింది. రుద్ది రుద్ది వదిలించేను. ఎలా మెరిసిపోతందో సూడు!" అంది నాయనమ్మ, బూడిద చేతులతోనే.

నాన్న చూశాడు. తలుపంతా గీతలు... కొన్నిచోట్ల నలుపు లేచిపోయి లోపలి ఇనుము కనబడుతోంది. చేతిలో పూలు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. నాకు భయం వేసింది.

చివరికి, "బాగుందమ్మా... ఇంక సాలు. సేతులు నొప్పెడతాయి," అన్నాడు.

ఊరెళ్ళిన షావుకారు గారు ఆ సాయంత్రం రైలుకి దిగుతారు. స్టేషనుకి ఆ కారే వెళ్ళాలి.

మా అమ్మ తమ్ముడు అప్పన్న మావయ్య వచ్చి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. నాయనమ్మకి వినబడకుండా అమ్మా నాన్నా మావయ్యా కారు అవతలి పక్కకి వెళ్ళి గుసగుసలు మొదలుపెట్టారు. యుద్ధం కదా, పైనుంచి శత్రు విమానాలకి వెలుగు కనబడకుండా కారు దీపాలకి సగం దాకా నల్లరంగు పూయాలని సర్కారు వాళ్ళు ఆర్డరు వేశారు. ఆ రంగు డబ్బా అడుగున ఇంకా కొంచెం మిగిలింది.

"గీతల మీద అది పూసీ బావా. సీకటడే యేళ ఎవుడు సూత్తాడు?" అన్నాడు మావయ్య.

నాన్న ఒక గీత మీద పూసి చూశాడు. ఆరాక అది వేరే నలుపు... మెరుపే లేదు. పట్టుచీరకి గోనె అతుకు వేసినట్టుంది.

"ఈ రాత్రికి దాటుద్ది. రేపు ఎండలో?" అన్నాడు నాన్న. "బండంతా గీకించి మళ్ళీ రంగెయ్యాల. ఇశాపట్నం తీసుకెళ్ళాల."

"అలాగైతే షావుకారికి సెప్పాల. ఉజ్జోగం పోద్ది బావా!"

అమ్మ కల్పించుకుంది. "జరిగింది జరిగినట్టు సెప్పీండి. ముసలావిడ మీద ఆయన కోప్పడతాడేటి?"

"కోప్పడడే. నవ్వుతాడు. కొట్లో పదిమందికీ సెప్పి నవ్వుతాడు. అది తిరిగి తిరిగి అమ్మ సెవిన పడతాది," అన్నాడు నాన్న. "నా అన్నం కోసం తోమిన సెయ్యే అది..."

గీత మీద పూసిన ఆ రంగుని కూడా కిరసనాయిలుతో తుడిచేశాడు. కారుకి బొట్టు పెట్టాడు, దండ వేశాడు. నాయనమ్మకి దణ్ణం పెట్టి, గీతల తలుపుతోనే స్టేషనుకి వెళ్ళాడు.

తిరిగి నడిచి వచ్చాడు.

గుడ్డలో ఇసక ఉందని చూసుకోకుండా తనే తుడిచేశానని చెప్పాడట. షావుకారు గారు తాళాల కోసం చెయ్యి చాపారట, అంతే. తర్వాత కారు విశాఖపట్నం వెళ్ళి కొత్త రంగుతో, కొత్త డ్రైవరుతో వచ్చింది. పెట్రోలు లేక కారు మూలన పెట్టేశారని నాయనమ్మకి చెప్పాడు నాన్న. "అయ్యో, అంత బాగా తోమేనే!" అంది ఆవిడ.

ఆ ఏడాది నాన్న తుమ్మపాల వైపు చెరకు తోటల్లో కూలికి వెళ్ళాడు. స్టీరింగు పట్టిన చేతులు చెరకాకు కోసుకుని మంట పుడుతుంటే అమ్మ రాత్రిపూట ఆముదం రాసేది. మా వీధిలో ఆ కారు హారను వినబడితే నాన్న తల దించుకునేవాడు. నాకైతే నాయనమ్మ మీద పీకల దాకా కోపం. పైకి అనడానికి లేదు, నాన్న ఒట్టు వేయించుకున్నాడు.

మళ్ళీ దసరా నాటికి దేవుడి దయ వల్ల నాన్నకి బెల్లం లారీ మీద పని దొరికింది. పండగ పొద్దున్న లారీ మా గుమ్మం ముందుంది. నాయనమ్మ తన పాత చీర చింపి, నీళ్ళలో ముంచి పిండి, లారీ తలుపుని మెల్లగా అద్దుతోంది... పసిపిల్లకి ఒళ్ళు తుడిచినట్టు.

"బూడిద అక్కర్లేదా నాయనమ్మా?" అన్నాను.

"వద్దే గుంటా. ఇనప బండికీ తోలుంటాది."

నా చెయ్యి పట్టుకుని తలుపు మీద ఆనించింది.

"కళ్ళు కనపడకపోతే సేతికి తెలీదేటే? ఆ రోజే తగిలినాయి గీతలు. ఆడు బాగుందన్నాడు... బాగుందన్నట్టే ఉండిపోయేను. ఆడు సెప్పనేదు, నేను అడగనేదు."

లారీ అవతల దండ కడుతున్న నాన్న చేతులు ఆగిపోయాయి. తల ఎత్తలేదు. మళ్ళీ దండకి ముడి వేశాడు.

మొన్న మా మనవడి కారుకి ఎవరో గీత పెట్టారు. టచప్ చేయించాలా, మొత్తం పెయింటు వేయించాలా అని ఇంట్లో రెండు రోజులు పంచాయితీ... గీసిందెవరో కెమెరాలో చూసి, వాళ్ళింటికి వెళ్ళి మరీ అరిచి వచ్చారు. ఇప్పుడు ఎవరు చేశారో నిమిషంలో తెలిసిపోతోంది. తెలిసీ తెలియనట్టు ఉండిపోయేవాళ్ళే కనబడడం లేదు...

మీ ఇళ్ళల్లో అలాంటివాళ్ళు ఉండి ఉంటే ఇక్కడ రాయండి. కళ్ళజోడు పెట్టుకునే కూర్చున్నాను.