షేర్ ఆటోలో కుక్కపిల్ల

ఆ రోజు గాజువాక వెళ్లే షేర్ ఆటోలో నా ఒళ్లో కూరల సంచి, అందులో కుక్కపిల్ల. ఇంట్లో అప్పుడప్పుడే పాకుతున్న పాప ఉందని, పెద్ద జాతి వద్దనుకుని ఏరికోరి పొమేరియన్‌ని తీసుకున్నాను. అది సంచిలో ఒక్క క్షణం కుదురుగా లేదు. నేనూ లేను.

ఎదురు సీట్లో ఒకామె చంటిపాపని పొదువుకుని కూర్చుంది. పాప ఎడమ చెంపని అరచేత్తో కప్పి ఉంచింది. లారీల దుమ్ముకేమో అనుకున్నాను. కుక్కపిల్ల తల బయట పెట్టగానే ఆమె మోకాళ్లు పక్కకి తిప్పేసింది.

"భయపడకండి, పెరిగినా ఇది చిన్నగానే ఉంటుంది," అన్నాను.

"మాదీ ఇలాటిదేనక్కా," అంది. "సిన్నదే కదా, ఏటి సేత్తాదిలే అని పాప పక్కనే నాను దానికి సేప తలకాయ ఏసీసినాను. పాప అందులో సెయ్యెట్టీసింది."

నేనేదో అడిగేలోపే ఆమె దిగిపోయింది. డ్రైవరుకి డబ్బులివ్వడానికి ఆ చెయ్యి తీసింది. చెంప మీద కుట్లు, కంటి దాకా ఉన్నాయి.

కుక్కపిల్లని నేను వెనక్కి ఇవ్వలేదు. మా పాప ఇప్పుడు బడికి వెళ్తోంది. అయినా కుక్కకి పళ్లెం పెట్టినప్పుడల్లా, పాప పక్క గదిలో ఉన్నా సరే, వెళ్లి ఒళ్లోకి లాక్కుంటాను.

"చెంప వదులమ్మా," అని విసుక్కుంటుంది.