ముత్యాలి రాయి దిగాల్సింది

ఈ దీవుల్లో, డాలీగంజ్‌లోని మా అంగన్‌వాడీకి కాళమ్మ ఆయాగా వచ్చి తొమ్మిదేళ్లయింది. పిల్లల ముక్కులు తుడుస్తుంది, కిచిడీ వండుతుంది, ఏడ్చేవాళ్లను చంకనేసుకుని తిరుగుతుంది. నేను ముత్యాలి కథ మొదలుపెడితే మాత్రం గిన్నెలు తోమాలంటూ బయటికి పోయేది. కథంటే లెక్కలేదు ఈ మనిషికి అనుకునేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆ కథ మా నాన్నమ్మ నాకు చెప్పింది. "నేనొచ్చేదాకా ఈ రాయి మీంచి కదలకమ్మా" అని కూతురికి చెప్పి తండ్రి చేపల వేటకు వెళ్తాడు. సముద్రం పోటెక్కుతుంది. నీళ్లు మోకాళ్లు దాటి మెడదాకా వస్తాయి. ముత్యాలి కదలదు. ఆ బుద్ధికి మెచ్చి సముద్రం పిల్లను ముత్యంగా మారుస్తుంది. మెడలోతు నీళ్లలో నవ్వుతున్న ముత్యాలి బొమ్మను నేనే గీసి గోడకు అంటించాను కూడా.

పోయిన నెల దాన్ని నాటకంగా ఆడిద్దామనుకున్నాను. ముత్యాలి వేషం ఐదేళ్ల లహరికిచ్చాను. నీలం చీర పరిచి, మధ్యలో పీట మీద కూర్చోబెట్టి, "నేను చెప్పేదాకా లేవకూడదు" అన్నాను. అంతలో భూమి కంపించింది. మా దీవుల్లో అది కొత్త కాదు. పిల్లలందరినీ బయటికి తోలి లెక్కపెడితే ఒకరు తక్కువ. నేను వెనక్కి తిరిగేసరికే కాళమ్మ లోపలికి దూకి లహరిని ఎత్తుకొస్తోంది. పైన రేకులు ఇంకా గడగడలాడుతున్నాయి.

"ఎందుకు లేవలేదే?" అని అరిచాను.

"మీరు చెప్పలేదుగా టీచర్" అంది లహరి.

కాళమ్మ నావైపు తిరిగింది. "ఇన్నారా దీదీ? మంచిపిల్లట, మంచిపిల్ల! నీళ్లొచ్చీకాడ పిల్లని కూకోబెట్టిన ఆ తండ్రిని ఒక్కరైనా ఏటన్నా అన్నారేటి? ముత్తెం అవదు దీదీ. ములిగిపోద్ది, అంతే!"

తర్వాత అక్కడే నేలమీద కూలబడి చెప్పింది. సునామీ నాటికి ఆమెకు పద్నాలుగేళ్లు. ఇల్లు హట్‌బేలో, సముద్రం ఒడ్డునే.

"ఆ పొద్దు ఒడ్డున సేపలు ఎండబెట్టినాం. కాపలాకి మా సెల్లి సిట్టితల్లిని కూకోబెట్టినాను. ఆరేళ్లు దానికి. నానొచ్చీదాకా కదిలితే సంపీస్తాను అన్నాను. నానే అన్నాను దీదీ. మంచినీళ్లకని గట్టెక్కినాను. కెరటం సూసి పరిగెట్టే అని కేకేసినాను. ఆ హోరులో ఇనపడనేదు. అందరూ పరిగెట్టినారు. అది కాకుల్ని తోలీ కర్ర అట్టుకుని కూకునే ఉంది."

పిల్లలు కదలకుండా కూర్చుంటే మన పని సుఖంగా సాగుతుంది. అందుకోసం ఇలాంటి కథలు అల్లుకుని, మునిగిపోయిన పిల్లకు ముత్యమని పేరు పెట్టి, అదేదో బహుమానమైనట్టు ఊరేగిస్తాం. సిగ్గుండాలి. ముందు నాకుండాలి. గోడ మీది బొమ్మను ఆ పూటే చింపేశాను.

నాటకం మాత్రం మానలేదు. కథ ఇప్పుడు కాళమ్మే చెబుతోంది. నీళ్లు పాదాలకు తగలగానే ముత్యాలి రాయి దిగి, వెనక్కి చూడకుండా గట్టెక్కేస్తుంది.

మొదటిరోజే లహరి అడిగింది: "చెప్పిన మాట వినలేదని నాన్న తిట్టడా?"

"తిట్టనీ" అంది కాళమ్మ. "తిట్టడానికి పిల్ల ఉంటాది గదా."