బస్సు ఆపమని పిల్లలు, బస్సులో నేను

నేను ముద్దనూరు దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. మీ ఊర్లో నిజంగా ఉండే ఒక ఇబ్బంది మీద ఇంగ్లీషులో పోస్టర్ చేసి, నలుగురూ చూసే చోట పెట్టండి అని తొమ్మిదో తరగతికి ప్రాజెక్టు ఇచ్చినాను. కొందరు ఆడపిల్లలు బస్సు గురించి రాసినారు. పాసుల పిల్లలే కదా అని వాళ్ల స్టాపులో బస్సు ఆపరంట.

ఈ రోజు పొద్దున ప్రొద్దుటూరులో బస్సెక్కి వస్తాంటే, ఆ స్టాపులో వాళ్లు అట్ట పట్టుకొని నిలబడినారు. ‘ప్లీజ్ స్టాప్. వీ ఆల్సో హ్యావ్ స్కూల్.’ స్పెల్లింగులన్నీ సరిగ్గా ఉన్నాయని నేను మురిసిపోతాండగానే బస్సు దాటిపోయింది. "ఆపప్పా, మా పిల్లోళ్లు" అని గట్టిగా అనుంటే ఆగేదేమో. అందరూ నా వైపు తిరిగి చూస్తారని నోరు మెదపలేదు.

పిల్లలు ఆటో పట్టుకొని రెండో పీరియడుకు వచ్చినారు. వాళ్లలో షాహీనా ఆశగా అడిగింది.

"మేడం, మీరు కిటికీ కాడ కూర్చోనుంటే చూసినాం. మా పోస్టర్ చదివినారా?"

"చదివినానమ్మా. శానా బాగుంది."

"చదివి ఏం చేసినారు మేడం?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"ఏమీ చేయలేదమ్మా. సిగ్గుపడి గమ్మునుండినాను. తప్పు నాదే" అన్నాను.

"పర్లేదులే మేడం" అని నన్నే ఓదార్చినారు. తిట్టింటే బాగుండేది.

రేపు డ్రైవర్ వెనక సీట్లోనే కూర్చుంటాను. మీరైతే ఈ రోజు అరిచేవాళ్లా? నిజం చెప్పండి, నేనేమీ అనుకోను.