కింద వాటా ఆవిడ వదిలేసిన జానెడు చోటు

మొన్న ఎస్‌బాన్ రైలెక్కి స్టుట్‌గార్ట్ వెళ్లి, మా పాత ఇంటావిడ బొమ్మలు పెట్టిన హాలంతా తిరిగి వచ్చాను. ఆవిడ పోయాక మేనల్లుడు పెట్టించిన ప్రదర్శన అది. మా వారు పోయిన ఈ ఏడాదిగా నా మనసుకి ఏదీ తగలడం లేదు, చలికి మొద్దుబారిన వేళ్లతో కాఫీ కప్పు పట్టుకున్నట్టుంటోంది, అక్కడా అంతే. చూశాను, బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. పాత సంగతులు మాత్రం వాటంతటవే వరసగా వచ్చాయి.

మా వారికి కార్ల కంపెనీలో ఉద్యోగం, నాకు ఆసుపత్రి ల్యాబ్‌లో డ్యూటీలు. మేం పైన, ఇంటావిడ కింద వాటాలో. ఆవిడ యూదురాలు, బట్టలు సరిచేసే కొట్లో కుట్టుపనితో బతికిన మనిషి, బొమ్మలు చేయడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. గుడ్డ పీలికలు, బొత్తాలు, ట్రామ్ టిక్కెట్లు, తాను కత్తిరించిన హీబ్రూ అక్షరాలు, అన్నీ కుట్టి, అతికించి, రంగు పూసి బల్లంత పటంలాంటి బొమ్మ చేసేది. చిత్రమేమిటంటే ప్రతి బొమ్మలోనూ జానెడు చోటు ఉత్తినే వదిలేసేది. ఎప్పుడో జెరూసలేంలో కూలిన తమ గుడిని మరిచిపోకుండా వాళ్ల పెద్దలు కొత్త ఇంటి గోడలో కొంత మేర సున్నం వేయకుండా వదిలేవారట, అదీ సంగతి.

శుక్రవారం పొద్దు వాలితే వాళ్ల విశ్రాంతి దినం మొదలు, ఆవిడ సూది ముట్టదు. పనిబల్లే ఆ పూట భోజనాల బల్ల కనుక, చేస్తున్న బొమ్మ ముందే మా బల్ల మీదికి వచ్చేది, శనివారం చుక్కలు పొడిచాక కిందికి వెళ్లేది. ఆ వారం వచ్చింది మామూలు బొమ్మ కాదు. ఆదివారం వాళ్ల ప్రార్థనామందిరంలో, జీవితంలో మొదటిసారి పదిమంది ముందు పెట్టబోయేది. నాజీలు పట్టుకుపోతే తిరిగిరాని వాళ్లమ్మ జాకెట్టు లేసు దాని నడుమ కుట్టి ఉంది.

తెనాలి నుంచి వచ్చి మా దగ్గరున్న అమ్మ ఆ ఖాళీ చూసి, పాపం గుడ్డ చాలలేదు కాబోలనుకుని, నేను డ్యూటీలో ఉండగా తన పట్టుచీర జరీ అంచు కత్తిరించి చక్కగా కుట్టేసి కూర్చుంది.

“ఎంత పని చేశావే అమ్మా!” అని నెత్తి కొట్టుకున్నాను.

“మంచి చీరేనే, నా పెళ్లినాటిది,” అంది అమ్మ, ఏమీ అర్థం కాక.

శనివారం చుక్కలు పొడిచాక ఆవిడ వచ్చి చూసింది. సంగతి తెలిసి అమ్మ ఏడుస్తూ కుట్లు విప్పబోతే చేయి పట్టుకుని ఆపి, నాతో తెలుగులో చెప్పించింది: ఇష్టంగా ఇచ్చినది తీయకూడదు, చోటు మాత్రం ఉండాలి. ఆ పైన కత్తెర తీసుకుని వాళ్లమ్మ లేసు తనే జానెడు మేర ఊడదీసి, మడిచి జేబులో పెట్టుకుంది. అమ్మ వద్దు వద్దంటూనే ఉంది. మర్నాడు బొమ్మ అలాగే, నడుమ ఖాళీతో పదిమంది ముందుకు వెళ్లింది.

ఇప్పుడు అందరికీ నా మీద ప్రేమే. బ్రెమెన్‌లో ఉండే మా అమ్మాయి, “మమ్మీ, ఊరికే కూర్చోకు, యోగా క్లాసుకి టెర్మిన్ తీసుకున్నా, టైముకి వెళ్లు,” అంటుంది. పోయిన వారం వచ్చి, వాళ్ల నాన్న కోటు తీసేసి, ఆ కొక్కేనికి పిల్లల ఫోటో తగిలించి వెళ్లింది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఫోటో తీసి బల్ల మీద పెట్టాను. ఆ రోజుల్లో ఖాళీని ఖాళీగా ఉండనిచ్చే మనిషి మా కింద వాటాలోనే ఉండేది; ఇప్పుడు చుట్టూ ఉన్నవాళ్లంతా, పాపం, నింపేవాళ్లే.