ఆపేవాళ్ళు లేని బండి

ఐర్లండ్‌లోని డ్రోహెడాలో మా పక్కింటి గిరిజాకుమారి అంటే ఇక్కడి తెలుగువాళ్ళలో సగం మందికి భయం, మిగతా సగం మందికి కోపం. ఆసుపత్రిలో మత్తు డాక్టరు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరింటికైనా భోజనానికి వెళ్ళినప్పుడు పప్పులో ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందనే చెబుతుంది, ఆ ఇంటి ఇల్లాలి ముఖం ఎలా మారినా పట్టించుకోదు. అయితే చెత్త బండి వచ్చే రోజున తెల్లారకుండానే డ్యూటీకి వెళుతూ, తన బిన్నుతో పాటు మా బిన్ను కూడా గేటు బయటికి లాగి పెట్టి వెళుతుంది. ఎందుకమ్మా శ్రమ అంటే, "నాది లాగంగ నీది అడ్డమొచ్చింది సత్యవాణీ" అంటుంది. ఆమె చేసే మంచి ఏదైనా తిట్టు రూపంలోనే బయటికి వస్తుంది. నేను నర్సింగ్ హోములో వంట చేసేదాన్ని, పెద్ద చదువులు లేవు, అయినా ఆ ఇంటికీ మా ఇంటికీ మధ్య గోడ ఉన్నట్టు నాకు ఎప్పుడూ అనిపించలేదు. వేంకటేశ్వరస్వామి దయ.

ఆమెది హుజూరాబాద్ పక్కన పల్లె. వరంగల్లులో డాక్టరీ చదివి, ఇక్కడికి రాకముందు చాలా ఏళ్ళు ఒమన్ దేశంలో ఎడారి అంచునున్న ఒక ఊళ్ళో పనిచేసింది. అక్కడి నర్సులతో, వాళ్ళ అన్నదమ్ములతో కలిసి సెలవు రోజుల్లో ఇసుకలో బండి నడపడం నేర్చుకుంది. పోనుపోను కొత్తవాళ్ళకి నేర్పే స్థాయికి వచ్చింది. "సరదాకు నేర్చుకోలే. సరదాకు పోయినోళ్లను మా దగ్గరికి మోసుకొస్తుంటే చూసి నేర్చుకున్న" అని ఒకసారి నాతో చెప్పింది. అంతకు మించి చెప్పలేదు. నేనూ అడగలేదు.

మధుసూదనరావుగారిని గురించి కూడా చెప్పాలి, లేకపోతే పాపం చుట్టుకుంటుంది. తెనాలి మనిషి. మా అందరికంటే ముందు ఈ ఊరు వచ్చారు. కొత్తగా ఎవరు దిగినా విమానాశ్రయానికి ఆయనే వెళ్ళేవారు, చేతిలో పెరుగన్నం డబ్బాతో. నేను దిగిన రోజున వాన కొడుతుంటే తన కోటు విప్పి నా భుజాల మీద కప్పి, తాను తడుస్తూ బండి దాకా నడిచారు. ఆయన సాయం పొందని తెలుగు ఇల్లు చుట్టుపక్కల లేదు. అందుకే ఆయన మాటకి ఎదురూ లేదు.

తన షష్టిపూర్తికి హోమం, విందూ అయ్యాక మరో కోరిక బయటపెట్టారు. నవంబరులో తనదీ అల్లుడిదీ కలిపి దగ్గరివాళ్ళ నాలుగు కుటుంబాలూ ఒమన్ వెళ్ళాలి, నాలుగు జీపులు వరసగా ఎడారిలో పోవాలి, ముందు నుంచి చివరి దాకా మనవాళ్ళే నడపాలి. అయితే మస్కట్‌లో జీపులు అద్దెకిచ్చేవాళ్ళు ఒక షరతు పెట్టారు. ఎడారి తెలిసిన మనిషి ఒకరు వెంట రావాలి, ఎవరెవరు నడపగలరో ఆ మనిషే మాట ఇవ్వాలి, ఆ మాట లేకపోతే తాళాలు ఇవ్వరు. అలా అందరూ గిరిజ గుమ్మం తొక్కారు.

"నేను పనికిరాడన్నోడు నడపొద్దు. పెద్దా చిన్నా లేదు. ఒప్పుకుంటే వస్త" అంది గిరిజ.

"అంతకంటేనా డాక్టరమ్మా" అని నవ్వారు మధుసూదనరావుగారు. తన పేరు ఆ లెక్కలో ఉంటుందని ఆయనకి అప్పుడు తోచలేదు.

నేర్చుకోవడానికి చోటు ఊరి బయట డెక్లన్ అనే రైతు ఇచ్చాడు. ఆయన పొలంలో ఒకప్పుడు ఇసుక తవ్విన పెద్ద గొయ్యి ఉంది, అందులో ఇద్దరు మనుషుల ఎత్తు దిబ్బలు ఉన్నాయి. మొదటి ఆదివారం నేనే కొబ్బరికాయ కొట్టి, ఎవరికి వారు తెచ్చుకున్న జీపులకి హారతి ఇచ్చాను. మధుసూదనరావుగారి భార్య శ్యామలాదేవిగారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. గిరిజ చేతులు కట్టుకుని చూసింది.

"నిమ్మకాయలు తొక్కిచ్చినంక టైర్లల్ల గాలి తీయుండ్రి. సగానికి సగం. టైరు వెడల్పైతేనే ఇసుక మీద తేలుతది. ఆ పైన కట్టిన స్టవ్వు, బియ్యం బస్తా, పచ్చడి జాడీలు దించుండ్రి. నెత్తిన బరువుంటే దిబ్బ మీద బండి పల్టీ కొడతది."

"ఆవకాయ లేకుండా ఎడారికి ఎలా వెళ్తామండీ?" అన్నారు శ్యామలాదేవిగారు.

"జాడీ ఒళ్లె పెట్టుకోండి. నెత్తిన మాత్రం వద్దు."

కొబ్బరి ముక్కలు తినవచ్చా అని డెక్లన్ మొహమాటంగా అడిగితే చిప్ప మొత్తం ఇచ్చేశాను. వచ్చే ఆదివారానికి ఆయన మాకోసం షెడ్డులో కెటిలూ కప్పులూ పెట్టి ఉంచాడు.

గిరిజ పాఠం సూటిగా ఉండేది. దిబ్బని నిటారుగా ఎక్కాలి, ఏటవాలుగా తిప్పకూడదు. ఎక్కలేకపోతే వచ్చిన దారినే వెనక్కి దిగాలి. ముందు బండి దిబ్బ దాటి, "దాటిన" అని రేడియోలో చెప్పేదాకా వెనక బండి కదలకూడదు. దిబ్బకి అవతల ఏముందో ఎవరికీ కనిపించదు. అందుకే ప్రతి బండికీ పొడుగాటి కర్ర మీద నారింజ రంగు జెండా కట్టించింది.

"రేడియోల పేర్లు లేవు, వరసలు లేవు. ఒకటో బండి, రెండో బండి. ఆగు అంటే ఆగాలె. ఒకరు బొత్తాం నొక్కి మాట్లాడుతున్నంతసేపు ఇంకొకరి మాట ఎవ్వరికీ పోదు. ఒక్క మాటతోని ముగించాలె."

మధుసూదనరావుగారు అల్లుడి వైపు చూశారు. ఆశిష్ డబ్లిన్ పక్కన శాండీఫోర్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నెమ్మది మనిషి. "అంటే మా ఆశిష్ నన్ను 'ఏయ్ రెండో బండీ, ఆగు' అంటాడా?"

"మా ఇంట్లో అల్లుడు అలా మాట్లాడితే మళ్ళీ పండక్కి పిలవను" అన్నారు శ్యామలాదేవిగారు. అందరూ నవ్వారు, ఆశిష్ తల వంచుకుని నవ్వాడు. గిరిజ నవ్వలేదు.

తర్వాత రెండు మూడు ఆదివారాలు వాన. తడిసిన ఇసుక గట్టిపడి బండ్లు సునాయాసంగా ఎక్కాయి. అందరికీ అన్నీ వచ్చేశాయన్న ధైర్యం వచ్చింది. "ఇది ఇసుక కాదు, సిమెంటు. ఎండ కాయనియ్యుండ్రి" అని గిరిజ విసుక్కుంది. ఆ మాట మధుసూదనరావుగారికి గుచ్చుకుంది.

జూన్‌లో ఎండ కాసింది. ఇసుక పొడిబారిన మొదటి రోజే ఆయన బండి ఇరుసు దాకా దిగిపోయింది. ఆశిష్ పార పట్టుకుని పరుగెత్తాడు.

"ఆశిష్, పార ఆయనకియ్యి. తవ్వుకోవడం ఆయనకు రావాలె."

"అంకుల్‌కి నడుం నొప్పి ఆంటీ" అన్నాడు మూడో బండి నడిపే చక్రధర్.

"నడుం నొప్పి ఉన్నోళ్లు ఇంట్ల ఉండాలె."

ఆయన తెల్ల చొక్కాతో మోకాళ్ళ మీద కూర్చుని తవ్వారు. నేను మంచినీళ్ళు తీసుకెళితే తీసుకున్నారు గానీ నా ముఖం చూడలేదు. "సత్యవాణమ్మా, మీ డాక్టరమ్మకి మనుషులంటే మత్తిచ్చి పడుకోబెట్టినవాళ్ళే. మెలకువగా ఉన్నవాళ్ళతో ఎలా మాట్లాడాలో ఎవరూ నేర్పినట్టు లేదు" అన్నారు, ఆమెకి వినిపించేలాగానే.

"మెలకువ ఉన్నోళ్లు ఎవరో ఇసుకే చెప్తది" అంది గిరిజ అక్కడినుంచే.

ఆనాటి నుంచి ఆయన ఆమె ముఖం చూసి మాట్లాడడం మానేశారు. ఆయన మానేస్తే మిగతావాళ్ళూ తగ్గించారు. వారం మధ్యలో ఆమెని ఎవరూ భోజనానికి పిలవలేదు. అంతకు ముందు ఆ నాలుగిళ్ళే ఆమెకి ఉన్న బంధుత్వం. ఇంట్లో ఒక్కతే బ్రెడ్డు కాల్చుకుని తింటుంటే చూడలేక నేను కూర పట్టుకెళ్ళేదాన్ని. "ఉప్పు తక్కువైంది" అని తినేది.

ఆ తర్వాతి ఆదివారమే జరిగింది. పెద్ద దిబ్బ పక్కన, రెండు వైపులూ కనిపించే గట్టు మీద గిరిజ రేడియోతో నిలబడింది. నేను ఆమె వెనకే ఉన్నాను. ఆశిష్ మొదటి బండిలో భార్య చరితతో దిబ్బ దాటాడు, దాటీదాటగానే అవతలి వాలులో కూరుకుపోయాడు. చరిత చక్రం ఎంత దిగిందో చూడడానికి కిందికి దిగి బండి వెనక్కి వెళ్ళింది. "దాటిన" అన్న మాట ఎవరూ చెప్పలేదు. అయినా ఇవతల మధుసూదనరావుగారి బండి కదిలింది.

దిబ్బ మీద నారింజ జెండా పైకి లేవడం ఆశిష్‌కి అద్దంలో కనిపించింది. బొత్తాం నొక్కాడు.

"మామయ్యగారూ, ఏమీ అనుకోకండి, మేము ఇక్కడ కొంచెం ఇబ్బందిలో ఉన్నాము, మీకు వీలైతే, అంటే తొందరేం లేదు కదా, కాస్త అక్కడే..."

అతను బొత్తాం వదలలేదు. గిరిజ చేతిలో రేడియో నొక్కి "రెండో బండి ఆగు, ఆగు" అని అరుస్తూనే ఉంది, ఆ అరుపు నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. రేడియో పడేసి చేతులు ఊపుతూ ఇసుకలో దిగబడుతూ పరుగెత్తింది. మధుసూదనరావుగారు ఆమెని చూశారు. చూసి, ఆగలేదు. ఇంజను మోత ఇంకా పెరిగింది. బండి దిబ్బ మీంచి ముక్కు కిందికి వంచుకుని అవతలికి జారింది.

చరిత పక్కకి దూకింది. రెండు బండ్ల మధ్య చప్పుడు విని నేను కళ్ళు మూసుకుని స్వామిని తలచుకున్నాను. కళ్ళు తెరిచేసరికి ఆ పిల్ల ఇసుకలో కూర్చుని ఎడమ మణికట్టు పట్టుకుని ఉంది. అంత దాకా వచ్చి అంతటితో వదిలినందుకు స్వామికి దణ్ణం పెట్టుకున్నాను.

గిరిజ భోజనాల సంచిలోంచి నా అన్నం గరిటె తీసుకుని, నా శాలువా చింపి, గరిటె దన్నుగా పెట్టి ఆ చెయ్యి కట్టింది. "నొప్పి ఎంతుంది బిడ్డా?"

"ఐ యామ్ గ్రాండ్ ఆంటీ" అంది చరిత, బాగానే ఉన్నానని చెప్పడానికి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. డెక్లన్ దుప్పటి తెచ్చి కప్పి, ఒక్క మాట అడగకుండా ట్రాక్టరు తీసుకురావడానికి వెళ్ళాడు.

మధుసూదనరావుగారు తన బండి తలుపు పట్టుకుని నిలబడ్డారు. కూతురి దగ్గరికి రాలేదు. అంత భయమూ కోపంగా మారింది.

"మీరు సరిగ్గా నేర్పి ఉంటే ఇలా జరిగేదా?"

"నేను చేతులూపుతూ ఉరికొచ్చిన. మీరు చూసిండ్రు."

"చూశాను. ఎప్పటిలాగా తిట్టడానికి వస్తున్నారనుకున్నా."

"అనుకుని ఇంకింత తొక్కిండ్రా?"

"తొక్కాను. ఏం?"

గిరిజ చక్రధర్ వైపు తిరిగింది. "నువ్వు ఆయన వెనకనే ఉన్నవు గద. బయలుదేరుతుంటే చూసినవా?"

"చూశానాంటీ."

"రేడియోల చెప్పలేదేం?"

"పెద్దాయన కదా. తెలిసే వెళ్తున్నారనుకున్నా."

వారం తిరిగాక శ్యామలాదేవిగారు గిరిజని ఇంటికి పిలిచారు. నన్నూ వెంట రమ్మంది గిరిజ. హాల్లో అందరూ ఉన్నారు. ఎవరూ లేచి కుర్చీ చూపలేదు. శ్యామలాదేవిగారు మాత్రం కాఫీ తెచ్చి, అది చక్కెర లేని కాఫీ అని చెప్పి ఇచ్చారు. అంత పగలోనూ ఆ సంగతి గుర్తుంది ఆ తల్లికి.

"చూడండమ్మా. ఈయన నడపరు. పక్క సీట్లో కూర్చుంటారు. పిల్లలే నడుపుతారు. ఆ మాట మస్కట్ వాళ్ళకి చెప్పండి" అన్నారు ఆమె.

మధుసూదనరావుగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "ఇన్నేళ్ళుగా ఈ దేశంలో బండి నడుపుతున్నా. లైసెన్సు మీద ఒక్క పెనాల్టీ పాయింటు లేదు. అయినా సరే, కూర్చుంటా" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో నాకు తెలిసింది.

గిరిజ ఆశిష్‌ని అడిగింది. "ఈయన పక్క సీట్ల కూసుని, పో ఆశిష్, ఏం కాదు, తొక్కు అంటే తొక్కుతవా, తొక్కవా?"

ఆశిష్ మామగారిని చూశాడు, భార్య చేతి కట్టుని చూశాడు, మళ్ళీ మామగారినే చూశాడు.

"నువ్వు చక్రధర్?"

అతనూ మధుసూదనరావుగారి వైపే తిరిగాడు.

"అయితే మీలో ఎవ్వరూ నడపరు. ఆయనొక్కడి సంగతి కాదిది. ఆయన్ని ఆపేటోడు మీలో లేడు. నా మాట నేను ఇయ్య."

అందరి గొంతులూ ఒక్కసారిగా లేచాయి. గర్వమన్నారు, కడుపు మంట అన్నారు, ఇల్లూ వాకిలీ లేని మనిషికి కుటుంబాల సంతోషం ఎలా తెలుస్తుందన్నారు. ఆ చివరి మాట అన్నది ఎవరో నేను రాయను. మధుసూదనరావుగారు లేచి తలుపు తీసి పట్టుకున్నారు. "మా గుమ్మంలోకి మళ్ళీ రావద్దు డాక్టరమ్మా. మీరు లేకపోతే ఎడారి ఎక్కడికీ పోదు."

"పోదు. అది ఆడనే ఉంటది" అని గిరిజ కాఫీ పూర్తిగా తాగి, కప్పు వంటింట్లో సింకులో పెట్టి, బయటికి నడిచింది. కారులో మస్కట్‌కి ఫోన్ చేసి రెండు ముక్కల్లో చెప్పేసింది. తర్వాత చాలాసేపు కారు కదపలేదు. నేను ఆమె చేతి మీద చెయ్యి వేస్తే తీసెయ్యలేదు.

ఆ కంపెనీవాళ్ళు తాళాలు ఇవ్వలేదు. తమ డ్రైవర్లతోనే జీపులు పంపుతామన్నారు. పోట్లాడి, చివరికి అలాగే వెళ్ళారు. వాట్సాప్ గ్రూపులో ఆమె పేరు తీసేశారు. ఫోటోలు నాకు వచ్చాయి. ప్రతి ఫోటోలోనూ మావాళ్ళు వెనక సీట్లలో, ముందు తలపాగా చుట్టుకున్న ఒమనీ కుర్రాళ్ళు. ఒక దాంట్లో మధుసూదనరావుగారు కోపంగా కూర్చుని ఉన్నారు, ఒళ్ళో జాడీ. గిరిజకి చూపించాను. ఒక్కొక్క ఫోటోలోనూ మనుషులని లెక్కపెట్టుకుంది, ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

డిసెంబరులో ఒక శనివారం నేనూ గిరిజా సూపర్ మార్కెట్‌లో ఉన్నాం. బియ్యం బస్తాల వరసలో మధుసూదనరావుగారు ఎదురయ్యారు. నన్ను చూసి నవ్వబోయి, పక్కన ఆమెని చూసి ముఖం గట్టిపరచుకున్నారు. ట్రాలీ గిర్రున తిప్పి వచ్చిన దారినే వెళ్ళిపోయారు, నడుం పట్టుకుని, కొంచెం తూలుతూ, చాలా వేగంగా.

"ఆయన కోపం ఎప్పటికి తగ్గుతుందో" అన్నాను.

గిరిజ ఆయన మలుపు తిరిగేదాకా చూసింది. "తగ్గకపోనీ. నడుస్తున్నడు గద" అని, పప్పు ప్యాకెట్టు తీసి నా ట్రాలీలో పడేసింది.